రెండు శాతాల లెక్క: పర్లాకిమిడిలో నాన్నను చూసుకుంటూ

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో ముసలివాళ్ల మతిమరుపుకు డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు తక్కువ. "వయసు మీద పడింది, చాదస్తం" అనేసి ఊరుకుంటారు. పక్షవాతానికైతే పరుగున వెళ్తారు. కాలూ చెయ్యీ పడిపోవడం కళ్లకు కనిపిస్తుంది కనుక దానికి జాలి ఉంటుంది, పరామర్శ ఉంటుంది, పావురం నెత్తురు పూయమనే సలహా కూడా ఉంటుంది. మా నాన్నకు రెండూ ఉన్నాయి. వాటిలో ఒకటే లోకానికి కనిపిస్తుంది. కనిపించని రెండోదాన్ని కాగితం మీదికి ఎక్కించడానికి మేము ఏమేం చేశామో, ఇంట్లో ఎలా నెట్టుకొస్తున్నామో రాస్తున్నాను. గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని ఈ రాత.

నాన్న ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో తెలుగు, ఫైళ్లలో ఒడియా, సంతలో కొండవాళ్లతో నాలుగు సవర మాటలు. మా ఊళ్లో ఇది గొప్పేమీ కాదు, అందరూ అంతే. అమ్మ పోయాక మా ఇంటికి వచ్చారు. నేను ఇంట్లోనే కుట్టుపని చేస్తాను, మా ఆయనకు చిన్న దుకాణం ఉంది. తమ్ముడు విశాఖపట్నంలో ఉద్యోగం. నాన్నకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ బలహీనపడ్డాయి. ఫిజియోథెరపీ తర్వాత నాలుగు కాళ్ల కర్రతో గదిలోంచి వరండాలోకి నడవగలిగారు. అందరం హమ్మయ్య అనుకున్నాం.

ఆ తర్వాతే అసలు తేడా మొదలైంది. పాలవాడికి ఇచ్చిన డబ్బు మళ్లీ ఇచ్చేవారు. భోజనం చేసి చెయ్యి కడుక్కున్న పావుగంటకు "ఈ రోజు వంట లేదా?" అనేవారు. కొన్నాళ్లకు సాయంత్రం పూట సంచీ పట్టుకుని "నౌపడ బండికి వేళైంది" అని బయల్దేరడం మొదలుపెట్టారు. ఆయన అడిగేది ఇప్పటి రైలు కాదు. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు, 1900లో మొదలై 2004లో ఆగిపోయిన నేరోగేజి బండి. ఇప్పుడు అదే దారిలో పెద్ద లైను పడి గుణుపురం దాకా వెళ్తోంది. "ఆ బండి ఎప్పుడో పోయింది నాన్నా" అంటే కోపం. మా ఆయన మాత్రం "బండి గంట ఆలస్యమట మామయ్యా, ఈలోగా టీ తాగండి" అనేవారు. నాన్న కూర్చుని టీ తాగేవారు. గంట గడిచేసరికి ప్రయాణం సంగతి మరిచిపోయేవారు. నిజం చెప్పి గెలవడం కంటే టీ ఇచ్చి కూర్చోబెట్టడం మేలని మా ఆయన ఏ పుస్తకమూ చదవకుండానే కనిపెట్టారు.

డాక్టరు మొదట రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్, బి12 విటమిన్, చక్కెర, సోడియం. వీటిలో ఏది తగ్గినా హెచ్చినా ముసలివాళ్లకు మతి చెదురుతుందని, అలాంటివి మందుతో సర్దుకుంటాయని, ముందు వాటిని తీసేయాలని చెప్పారు. తలకు సీటీ స్కాన్ కూడా తీయించారు. కింద పడినప్పుడు పుర్రె లోపల నెత్తురు గూడుకట్టినా ఇలాగే ఉంటుందట. నాన్నకు బి12 కొంచెం తక్కువగా ఉంది, దానికి సూదులు వేశారు. స్కాన్‌లో పాత పక్షవాతపు మచ్చతో పాటు ఇంకా చిన్న చిన్న మచ్చలు కనిపించాయి. మెదడు రక్తనాళాలు మూసుకుపోవడం వల్ల వచ్చే డిమెన్షియా, అంటే మతి తగ్గిపోయే జబ్బు, అన్నారు. అందులోనే ఇంకో రకమైన అల్జీమర్స్ అయితే మెల్లగా జారుతూ పోతుంది, ఇది మెట్లు దిగినట్టు దిగుతుంది, ఒక మెట్టు మీద కొన్నాళ్లు నిలబడి మళ్లీ ఒకటి దిగుతుంది అన్నారు. రక్తపోటు, చక్కెర అదుపులో ఉంచితే తర్వాతి మెట్టును వాయిదా వేయవచ్చని ఆశ. మందుల గురించి నేను చెప్పదగ్గది అంతే.

చెప్పవలసింది పరీక్ష గురించి. మతిమరుపు ఎంత ఉందో కొలవడానికి ఒక ప్రశ్నల పట్టిక ఉంటుంది. ఈ రోజు ఏ వారం, ఏ ఊరు, మూడు వస్తువుల పేర్లు గుర్తుపెట్టుకుని మళ్లీ చెప్పడం, 100 నుంచి ఏడేడు తీసేస్తూ రావడం, చూపించిన బొమ్మను చూసి వేయడం. మొత్తం 30 మార్కులు. బరంపురంలో ఒక ఆసుపత్రిలో దాన్ని ఒడియాలో పెట్టారు. నాన్న సర్వీసు పుస్తకం చూసి, ఇంతకాలం ఒడియాలో పనిచేసిన మనిషి కదా అనుకున్నారు. అది సబబే. అయితే పక్షవాతం తర్వాత నాన్న ఒడియా తగ్గిపోతూ వచ్చిన సంగతి ఇంట్లోవాళ్లం గమనిస్తూనే ఉన్నాం. పేపరు పక్కన పెట్టేశారు, పాత సహోద్యోగి వచ్చి ఒడియాలో పలకరిస్తే తెలుగులో జవాబు చెప్పేవారు. ఆ గదిలో కూడా అదే చేశారు. "తొంభై మూడు, ఎనభై ఆరు" అని తెలుగులో లెక్క సరిగ్గానే చెబుతుంటే, పరీక్ష పెడుతున్న అబ్బాయికి తెలుగు రాదు. బరంపురంలో తెలుగు తెలిసినవాళ్లకు కొదవ లేదు, ఆ రోజు ఆ గదిలో మాత్రం లేరు. 11 మార్కులు వచ్చాయి. తర్వాత శ్రీకాకుళంలో ఒక మనోవైద్యురాలు తెలుగులో పెడితే 17 వచ్చాయి.

ఆరు మార్కులే కదా అనిపించవచ్చు. కానీ 11 చూసినవాళ్లు "ఇంకేమీ చేయలేం" అన్న ముఖం పెట్టారు. 17 చూసినావిడ కూర్చోబెట్టి, ఆయనకు ఇంకా ఏమేం చేతనవునో అడిగి, వాటిని పోనీయకుండా ఎలా చూడాలో చెప్పారు. సరిహద్దులో ఉన్నవాళ్లు ఈ ఒక్క విషయంలో పట్టుబట్టాలని నా అభిప్రాయం: పరీక్ష తల్లి భాషలో పెట్టమనండి, కుదరకపోతే రెండు భాషలూ వచ్చిన మనిషిని గదిలో ఉంచమనండి. తెలుగులో చదువుకున్నవాళ్లకు, చదువు లేనివాళ్లకు తగ్గట్టు మార్చిన పరీక్షలు ఉన్నాయి.

రెండు భాషల మాట వచ్చింది కనుక ఆవిడ చెప్పిన ఇంకో సంగతి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష తెలిసినవాళ్ల కంటే రెండో భాష కూడా మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందట. బడికి వెళ్లనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించిందట. మా వీధిలో రెండు భాషలు రానివాళ్లెవరూ లేరు, ఆ లెక్కన మాకందరికీ కాస్త గడువు ఉందన్నమాట. నాన్నకు ఆ నాలుగున్నరేళ్లు దక్కాయో లేదో ఎవరు చెప్పగలరు? దక్కాయనే అనుకుంటున్నాను. రిటైరైన తర్వాత ఆయన ఊరందరి పింఛను కాగితాలు నింపిపెట్టిన కాలం అదే.

ఇక ఇల్లు. నేను దర్జీని కనుక మొదట బట్టల పని పట్టాను. చొక్కా బొత్తాలు పైకి అలాగే ఉంచి లోపల వెల్‌క్రో కుట్టాను. చూసేవాళ్లకు మామూలు చొక్కాయే, వేయడం తీయడం తేలిక. లుంగీకి నడుము దగ్గర ఎలాస్టిక్ వేశాను. ఫిజియోథెరపిస్టు నేర్పిన పద్ధతి ఒకటి ప్రతి ఇంట్లో తెలియాలి: చొక్కా వేసేటప్పుడు బలహీనంగా ఉన్న చెయ్యి ముందు దూర్చాలి, తీసేటప్పుడు ఆ చెయ్యి ఆఖరున తీయాలి. పడిపోయిన చేతిని పట్టుకుని లాగి మనిషిని లేపకూడదు, భుజం కీలు జారుతుంది. బంధువులు ప్రేమగా చేసే మొదటి పని అదే. నడుముకు పాత పంచెను గట్టిగా చుట్టి, దాన్ని పట్టుకుని, మన మోకాళ్లు ఆయన బలహీనమైన మోకాలికి అడ్డుపెట్టి లేపాలి. అలా చేస్తే నా నడుమూ దక్కింది.

స్నానం దగ్గరే చాలా రోజులు గొడవ పడ్డాం. నీళ్లు చూస్తే తిట్లు. జబ్బు వల్ల వచ్చిన మొండితనం అన్నారు చాలామంది. నాకు అది సిగ్గు అనిపించింది. పెంచి పెళ్లిచేసిన కూతురి ముందు లుంగీ విప్పడానికి ఏ మగవాడు ఒప్పుకుంటాడు? ఆయనకు నేను కూతురినని ఒక్కోసారి గుర్తుండదు కూడా. "అప్పా" అని పిలుస్తారు, వాళ్ల అక్కను పిలిచినట్టు. అక్క ముందైనా అంతే కదా. అందుకని స్నానం మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన మహేంద్రతనయ ఒడ్డున మగవాళ్లు స్నానం చేసే పద్ధతే పెట్టారు: లుంగీతోనే నీళ్లు పోయడం, పైనుంచి పొడి లుంగీ చుట్టి తడిదాన్ని కిందికి జార్చేయడం. తిట్లు సగానికి సగం తగ్గాయి. దుకాణం వేళ కుదరని రోజుల కోసం, పూర్వం ఆసుపత్రిలో వార్డుబాయ్‌గా చేసిన ఒకాయనను ఉదయం పూట మాట్లాడుకున్నాం. మా ఊళ్లో ఇలాంటి పనికి శిక్షణ ఉన్న మనిషి దొరకడం కష్టం. దొరికినా మగ రోగికి మగ మనిషి దొరకడం ఇంకా కష్టం.

నాన్న పాత అలవాటు ప్రకారం కింద కూర్చునే మరుగుదొడ్డికే వెళ్తానంటారు, కూర్చుంటే లేవలేరు. శ్రీకాకుళం సర్జికల్ దుకాణంలో కమోడ్ కుర్చీ కొని, దాన్ని అదే గదిలో అదే దొడ్డి మీద పెట్టాం. పడకగదిలో పెడితే ఒప్పుకోలేదు, అక్కడ పెడితే ఒప్పుకున్నారు. రాత్రి ఆ గదిలో లైటు వెలుగుతూనే ఉంటుంది. నీళ్లు తాగుతుంటే పొలమారేది. పక్షవాతం వచ్చినవాళ్లకు పల్చటివే మింగడం కష్టమట. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచమని, చిన్న గుక్కలుగా పట్టమని చెప్పారు. నీళ్ల కంటే చోడి (రాగి) అంబలి సాఫీగా దిగుతుంది. ఆయనకు ఇష్టం కూడా.

సాయంత్రం చీకటిపడే వేళ అసహనం ఎక్కువ. ఈ జబ్బులో అది మామూలేనట. లైట్లు ముందే వేసేస్తాం, టీవీ కట్టేస్తాం, మా ఆయన దుకాణం బిల్లుల కట్ట, ఒక పాత లెడ్జరు ఇచ్చి కూర్చోబెడతాం. మొత్తాలు వేస్తూ కూర్చుంటారు. లెక్క ఎప్పుడూ కలవదు. తప్పు తనదని ఒక్కరోజూ అనుకోలేదు. "మీ దుకాణంలో ఎవడో తినేస్తున్నాడు" అని అల్లుడిని హెచ్చరిస్తారు.

ఒకసారి గడియ తీసి ఉండగా వెళ్లిపోయారు. ఆ కాలుతో అంత దూరం ఎలా నడిచారో, వంతెన దాటి పాతపట్నంలో తేలారు. అంటే ఇంకో రాష్ట్రంలో. మాకు నది దాటడమే, పోలీసు స్టేషన్లకు మాత్రం రాష్ట్రం దాటడం. అక్కడ టీ కొట్టాయన గుర్తుపట్టి ఫోను చేశాడు కనుక సరిపోయింది. అప్పటి నుంచి ప్రతి చొక్కా జేబు లోపలివైపు గుడ్డ ముక్క కుట్టి, పేరు, మా ఫోను నంబరు, "జ్ఞాపకశక్తి జబ్బు ఉంది" అనే మాట తెలుగులో ఒకవైపు, ఒడియాలో ఒకవైపు మార్కరుతో రాశాను. కార్డు పెడితే తీసి పారేసేవారు. కుట్టినది పారేయలేరు.

ఇంకొక సంగతి మాత్రం తప్పకుండా చెప్పాలి. ఒక రాత్రికి రాత్రి నాన్న పూర్తిగా మారిపోయారు. గోడ మీద చీమలు పాకుతున్నాయంటారు, నన్నే కాదు మా ఆయననూ గుర్తుపట్టలేదు, పగలంతా మగతగా పడి ఉన్నారు. చూడవచ్చినవాళ్లు కొందరు "ఇక ఇంతే" అన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టే మనిషి పేరు కూడా చెప్పారు. శ్రీకాకుళం డాక్టరమ్మకు ఫోను చేస్తే ఒకటే ప్రశ్న అడిగారు: "నిన్నటికీ ఈ రోజుకీ ఇంత తేడా వచ్చిందా?" అవునన్నాను. డిమెన్షియా ఒక్క రాత్రిలో ఇలా చేయదు, ఇంకేదో ఉంది, మూత్రపరీక్ష చేయించమన్నారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్. యాంటిబయాటిక్ పడ్డాక మెల్లగా పాత నాన్న తిరిగి వచ్చారు. మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, జ్వరం, కొత్త మందు, ఏవైనా ఇలా చేయవచ్చట. జలుబుకు మందుల దుకాణంలో అడిగి కొనే మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ లాంటివి కూడా ముసలివాళ్లకు మతి చెదరగొడతాయని అప్పుడే తెలిసింది. నిద్ర కోసం, అల్లరి తగ్గడం కోసం గట్టి మందులు అడగడం సులువు. వాటిలో కొన్ని డిమెన్షియా ఉన్నవాళ్లకు ప్రాణాపాయాన్ని పెంచుతాయని, అందుకే తప్పనిసరైతే తప్ప ఇవ్వనని ఆవిడ అన్నారు.

ఇప్పుడు కాగితం. పక్షవాతానికి వైకల్య ధ్రువపత్రం పెద్దగా ఇబ్బంది లేకుండానే వచ్చేది. నేను రెండూ కలిపి అడిగాను. దరఖాస్తులు చూసే గుమాస్తా 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితా చూపించి, డిమెన్షియా ఇందులో లేదమ్మా అన్నాడు. పేరు లేని మాట నిజమే. కానీ అదే చట్టంలో మానసిక అస్వస్థతకు ఇచ్చిన నిర్వచనంలో ఆలోచన, మనోభావం, గ్రహింపుతో పాటు తానెక్కడున్నాడో తెలియడం, జ్ఞాపకశక్తి కూడా ఉన్నాయి. వీటిలో తీవ్రమైన లోపం వల్ల రోజువారీ బతుకు నడవకపోతే అది ఆ కింద వస్తుంది. ఆ వాక్యం అచ్చు తీయించి పట్టుకెళ్లాను. గుమాస్తా చదివి, తనది కాని పనిలో తలదూర్చనన్నట్టు, మనోవైద్యుడి దగ్గరికి పంపాడు. అక్కడ మాత్రం పని సజావుగా జరిగింది. దీన్ని కొలవడానికి ఐడియాస్ అనే కొలబద్ద ఉంది. తన ఒంటి శుభ్రత తాను చూసుకోవడం, మనుషులతో మెలగడం, మాట అర్థం చేసుకుని చెప్పడం, పని, ఈ నాలుగింటికీ మార్కులు వేస్తారు, జబ్బు ఎంతకాలంగా ఉందో కూడా కలుపుతారు.

శాతాలు తేల్చే వైద్యుల బోర్డు ముందుకు వెళ్లే రోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. గదిలోకి వెళ్లగానే, నెలల తరబడి మాయమైన ఒడియా ఎక్కడి నుంచి వచ్చిందో, "నమస్కార ఆజ్ఞా" అని కుడిచేత్తో నమస్కారం పెట్టి, పెద్దాయన బాగున్నారే అనిపించేలా రెండు మాటలు మాట్లాడారు. ఈ జబ్బు ఉన్నవాళ్లు కొత్తవాళ్ల ముందు కాసేపు ఇలా నెగ్గుకొస్తారని డాక్టరమ్మ ముందే చెప్పారు. ఆవిడ సలహా మీదే నేను ఒక నోటుపుస్తకం రాస్తూ వచ్చాను. ఏ పూట ఏం జరిగింది, ఏ పనికి ఎవరి సాయం కావలసి వచ్చింది, రాత్రి ఎన్నిసార్లు లేచారు, తిన్నది మరిచిపోయి మళ్లీ అడిగిన సందర్భాలు. చదవవలసినవాళ్లు ఒడియావాళ్లు కనుక ఒడియాలోనే రాశాను. డాక్టరుగారు నాన్నతో మాట్లాడిన దానికంటే ఆ పుస్తకం తిరగేసిన సేపే ఎక్కువ. తర్వాత నాన్నను "మీరెక్కడి నుంచి వచ్చారు?" అని అడిగారు. "ఆఫీసు నుంచి," అన్నారు నాన్న.

చేతికీ కాలికీ కలిపి 60 శాతం, మతికి 45 శాతం. ఈ రెండూ కూడితే 105 వస్తుంది. మనిషి నూటికి నూరు కంటే ఎక్కువ వికలాంగుడు కాలేడు కనుక వేరే సూత్రం ఉంది: పెద్ద అంకెను 90లోంచి తీసేసి, మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలపాలి. అలా 75 తేలింది. లెక్కల గుమాస్తాగా చేసిన నాన్న, ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో అయితే, ఈ కూడికను ఒప్పుకునేవారు కాదు. 40 నుంచి 80 లోపు శాతానికి పసుపుపచ్చ కార్డు, 80 పైబడితే నీలం, 40 లోపు తెలుపు. మాది పసుపు.

బ్యాంకు పని ఇంకో తల్నొప్పి. సంతకం కలవదు, వేలిముద్ర యంత్రం మీద పడదు, మనిషిని తీసుకురమ్మంటారు. 70 దాటినవాళ్లకు, నడవలేనివాళ్లకు ఇంటికి వచ్చి సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది. సంతకం చేయలేని రోగి వేలిముద్రను ఇద్దరు సాక్షుల ముందు, అందులో ఒకరు బ్యాంకు అధికారిగా, తీసుకోవచ్చనే నియమం కూడా ఉంది. అడిగేదాకా ఈ రెండూ ఎవరూ చెప్పరు. కాగితం చూపించాక మేనేజరే ఒక గుమాస్తాను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చారు, వచ్చి మర్యాదగానే మాట్లాడారు.

వకీలు చెప్పింది ఇంకా ముఖ్యం. చాలామంది పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుని నిశ్చింతగా ఉంటారు. మన కాంట్రాక్టు చట్టం, 1872 నాటిది, 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే ఆ అధికారమూ పోతుంది. అంటే దానితో అవసరం పడే రోజునే అది చెల్లదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ లాంటి వాటికి 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా స్థాయిలోనే సంరక్షకుడిని నియమిస్తారు. డిమెన్షియా ఆ చట్టంలోకి రాదు కనుక చాలామంది హైకోర్టు దాకా వెళ్లవలసి వస్తోంది. మాకు కటక్ దాకా పోయే ఓపిక లేదు. నాన్న ఇంకా తెలిసి సంతకం చేయగలిగిన దశలోనే, పింఛను ఖాతా కాకుండా ఆయన పొదుపు ఖాతాలో నా పేరు చేర్పించాం, నామినీలు రాయించాం, వీలునామా రిజిస్టరు చేయించాం. అప్పుడు "తండ్రి బతికుండగానే ఆస్తి రాయించుకుంటోంది" అన్న మాట పడ్డాను. అన్నవాళ్లలో ఒకరు ఈ మధ్య తమ అత్తగారి కోసం వకీలు నంబరు అడిగారు. ఇచ్చాను.

నాన్నకు సొంత పింఛను ఉంది కాబట్టి సంక్షేమ పింఛనుతో మాకు పని లేదు. లేనివాళ్లకు మాత్రం నది చాలా పెద్దది. ఇటువైపు ఒడిశావాళ్ల మధుబాబు పింఛను, అటువైపు ఆంధ్రావాళ్ల ఎన్టీఆర్ భరోసా. అటువైపు వృద్ధులకు నెలకు 4,000, వికలాంగులకు 6,000, పూర్తిగా మంచం పట్టినవాళ్లకు 15,000. పాతపట్నంలో ఉన్న మా పిన్నికీ, ఇక్కడున్న ఆవిడ చెల్లెలికీ వచ్చే పింఛన్లు వేరు, కార్డులు వేరు, వెళ్లవలసిన ఆఫీసులు వేరు. ఇక్కడివాళ్లు అటువైపు ఆధార్ మార్పించుకోవాలని ఆలోచిస్తుంటారు. అటువైపు ఉచిత వైద్య పథకం (పాత పేరు ఆరోగ్యశ్రీ) మాకు వర్తించదు, శ్రీకాకుళంలో చూపించుకున్న ఖర్చంతా చేతి నుంచే.

నా సంగతి కూడా కొంచెం. రోగికి శాతాలు వేస్తారు, చూసుకునేవాళ్లకు ఏ గడీ ఉండదు. ఒక దశలో నిద్ర లేక మిషను మీద కుడుతూనే తూలిపోయేదాన్ని. ఒక రాత్రి 14416కు ఫోను చేశాను. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ అది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. అవతలి అమ్మాయి చెప్పినవన్నీ గుర్తులేవు. "మీరు ఆఖరిసారి ఎప్పుడు పడుకున్నారు?" అని అడిగిన సంగతి గుర్తుంది, ఎందుకంటే అప్పటిదాకా అందరూ నాన్న పడుకున్నారా అనే అడిగారు. వృద్ధుల కోసం వేరే నంబరు 14567 ఉంది, పథకాల సమాచారం దానిలో అడగవచ్చు. 2023లో వచ్చిన ఒక జాతీయ అధ్యయనం మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది. ఒక్కొక్కరి వెనక నాలాంటి మనిషి కనీసం ఒకరు ఉండి తీరాలి. వాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు.

తమ్ముడు మంచివాడే. నెలనెలా డబ్బు పంపుతాడు, ఉదయం వచ్చే మనిషి జీతం వాడిదే. ఫోనులో సలహాలు కూడా పంపుతాడు. బాదంపప్పు పెట్టమంటాడు, పదకేళి చేయించమంటాడు. డబ్బు ఒక్కటే చాలదు, మనిషి కావాలి అని నేను పట్టుబట్టాక, రెండు నెలలకో వారం వచ్చి ఉండేటట్టు ఒప్పందం కుదిరింది. ఆ వారం నేను మా అత్తగారి ఊరు వెళ్లి పడుకుంటాను, అంతే. మొదటిసారి వాడి కోసం కాగితం మీద అన్నీ రాసిపెట్టాను: ముందు ఎడమ చెయ్యి, అంబలి చిన్న గుక్కలు, గడ్డం గీసేటప్పుడు కుడివైపు ఆయన్నే గీసుకోనివ్వు, నౌపడ బండి అడిగితే ఆలస్యమని చెప్పు.

ఈ మధ్య నాన్న ఇంకో మెట్టు దిగారు. రాత్రిళ్లు లేవడం ఎక్కువైంది, కర్ర మరిచిపోయి నడవబోతారు. రాత్రికి కూడా మనిషిని పెట్టాలని నేను, అంత అవసరం లేదని, ఖర్చు రెట్టింపవుతుందని తమ్ముడు. ఈసారి వచ్చినప్పుడు వారం రోజులూ నాన్న గదిలో వాడినే పడుకోమన్నాను, జీతం సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందామని చెప్పాను.